కారే ఇంటికి సర్కారు సగం

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: కారే ఇల్లొకటి, ఆ ఇంట్లో అద్దె సరిగ్గా ఇచ్చే మనిషొకరు, పని తెలిసిన మేస్త్రి ఒకడు, అతనడిగిన అరవై వేల రూపాయలు. నాలుగూ ఒకే పూట ఒకే చోట చేరడం వ్యాపారంలో అరుదు. సరుకున్నప్పుడు కొనేవాడుండడు, కొనేవాడున్నప్పుడు బండి దొరకదు. అలాంటిది ఆ రోజు నిచ్చెన కూడా గోడకి ఆనించే ఉంది.

ఇల్లు పాతబజారులో ఉంది. మట్టిగోడల పెంకుటిల్లు. వేలంలో చవగ్గా వస్తే కొన్నాను. ఎందుకంత చవగ్గా వచ్చిందో ఆ ఏటి తొలకరి నాకు వివరంగా చెప్పింది. వెనక గదుల్లో నా కొట్టు సరుకు పెట్టుకున్నాను, గోనె సంచులూ కొబ్బరి తాళ్లూ. వెదుళ్లు పెరట్లో నిలబెట్టాను. ముందు గది కాశింబీకి అద్దెకిచ్చాను. ఆమె దూది ఏకి పరుపులు కుడుతుంది. భర్త పోయాక ఆ పని ఆమే చేతిలోకి తీసుకుంది. గోనెకీ దూదికీ శత్రువు ఒకటే, నీళ్లు. ఆ విధంగా యజమానీ అద్దెమనిషీ ఒకే మాట మీద ఉన్న ఇల్లు మా బజారులో నాదొక్కటే.

"ఈ వానల్లోపు కప్పు సంగతి తేల్చండి శెట్టిగారూ," అంది కాశింబీ. "పోయినేడు తడిసిన దూది ఆరబెట్టుకోలేక నా పానం పోయింది. మాఘంలో పెళ్లిళ్లకి పరుపులన్నీ ఈ గదిలోనే కుట్టాల నేను. అడ్వాన్సులు పుచ్చుకున్నా. తేడా వస్తే పెళ్లివారు నన్నే పరుపు చేసి పరుస్తారు."

మేస్త్రి ఏసోబు ఇల్లంతా తిరిగాడు. గోడల మీద వేళ్లతో కొట్టి చూశాడు. "దూలాలు మార్చాల, పెంకు తీసి మళ్లీ పరవాల, బీటల్లో సున్నం కూరాల. అరవై వేలు. వారం పని," అన్నాడు.

"యాభై," అన్నాను.

"శెట్టిగారూ, ఇల్లు మీది, బేరం మీది. పడేది మాత్రం ఆయమ్మ నెత్తిన."

అరవైకి ఒప్పుకున్నాను. ఏసోబు నిచ్చెన రెండో మెట్టు మీద ఉండగా మున్సిపాలిటీ ఆటో మైకుతో వీధిలోకి వచ్చింది. "పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, శిథిల గృహ పునరుద్ధరణ పథకము క్రింద పాత ఇండ్ల మరమ్మతు వ్యయములో సగభాగము ప్రభుత్వమే భరించును. అంచనా ఆమోదము పొందకుండా ఒక్క పెంకును సైతము కదల్చరాదు."

అరవైలో సగం ముప్పై. ముప్పై వేలు ఊరికే వస్తుంటే నిచ్చెన మీద మనిషిని ఉంచేవాడు వ్యాపారస్తుడు కాడు.

"ఏసోబూ, దిగు," అన్నాను.

కాశింబీ ఏకుతున్న దూది ఆపి నావంక చూసింది. "సగం అనంగానే మీ మొహం మారింది శెట్టిగారూ," అంది.

దరఖాస్తు పెట్టాక అసిస్టెంటు ఇంజనీరు త్రివిక్రమరావుగారు టేపుతో, గొడుగుతో వచ్చారు. గుమ్మం ముందు ఆగిపోయారు.

"లోపలికి రండి," అన్నాను.

"రాకూడదు. శిథిల కట్టడంలో అధికారి ప్రవేశించుటకు భద్రతా ధ్రువపత్రం ఉండాలి."

"అదెవరిస్తారు?"

"నేనే. కానీ భద్రంగా ఉందని నేను సంతకం చేస్తే అది శిథిలం కాదు. శిథిలం కాకపోతే పథకం వర్తించదు."

"లోపలికి రాకుండా అంచనా ఎట్టా వేస్తారు?"

"వేయము."

లోపల్నుంచి కాశింబీ అడిగింది, "నేనిక్కడ ఏళ్ల తరబడి కూచునే ఉన్నాగదయ్యా?"

"మీరు అధికారి కారు కదమ్మా. మీకే నిబంధనా అడ్డు లేదు. నిశ్చింతగా ఉండండి," అన్నారు త్రివిక్రమరావుగారు, ఎంతో దయగా.

ఆయన రెండు రోజులు ఆలోచించి మార్గం కనిపెట్టారు. ఇంటిని భద్రం చేయకూడదు, చేస్తే శిథిలం కాకుండా పోతుంది. అధికారిని మాత్రం భద్రం చేయవచ్చు. గుమ్మం నుంచి పెరటి దాకా ఇంటి మధ్యలో వెదుళ్లతో ఒక సొరంగం కట్టి, పైన టార్పాలిన్ కప్పాలి. అధికారి అందులో నడుస్తూ వెదుళ్ల సందుల్లోంచి ఇంటిని చూస్తాడు. ఇల్లు పడినా అధికారి మీద పడదు.

"వెదుళ్లు ఎవరిస్తారు?" అన్నాను. అడగకుండానే తెలిసింది కానీ అడగడం నా అలవాటు.

"యజమాని వాటాను నగదు రూపంలో గానీ వస్తు రూపంలో గానీ చెల్లించవచ్చు."

పెరట్లో వెదుళ్లు లోపలికి నడిచాయి. లాభం ముందు కొంత సరుకు నడవడం మామూలే.

త్రివిక్రమరావుగారు సొరంగంలో తిరిగి ప్రతి బీటకీ ఎర్ర రంగుతో నెంబరు వేయించారు. కారే చోట్లకి నీలిరంగు నెంబర్లు. పిచుక గూటిని కూడా వదల్లేదు, దానికి పసుపు. నా ఇంట్లో ఇంత ఆస్తి ఉందని నాకే తెలియదు. చివరికి అంచనా పదకొండు లక్షలకు తేలింది.

"అరవై వేల పనండీ!" అన్నాను.

"మేస్త్రి బీట పూడుస్తాడు, అంతే. మేము ముందు బీటను శుభ్రపరచాలి, శుభ్రపరచిన బీటను పరిశీలించాలి, పరిశీలించిన బీటను పూడ్చాలి, పూడ్చబడిన బీట ఇక లేదని నిర్ధారించాలి. ప్రతిదానికీ రేటు ఉంది."

"అందులో నా సగం అయిదున్నర లక్షలు."

"మీరు మీ సగం ఎందుకు చూస్తున్నారు? ప్రభుత్వపు సగం చూడండి."

చూశాను. అది కూడా అయిదున్నర లక్షలే. ఏకంగా అయిదున్నర లక్షలు నా ఇంటి మీదికి వస్తున్నాయి. నా పెరట్లో వెదుళ్లకి వాళ్లు వేసిన ఖరీదు నేను సంతలో కూడా అడగడానికి సిగ్గుపడేది. ఆ ఖరీదుకి మిగిలిన వెదుళ్లూ తాళ్లూ ఇస్తే నా వాటా తీరిపోతుంది. కాగితం మీద నాకంటే గట్టి బేరగాడు లేడు.

పోతూ పోతూ తలుపుకి ఒక ఉత్తర్వు అతికించారు. "అంచనా ఆమోదము పొందు వరకు ఈ గృహము యొక్క శిథిల స్థితిని యథాతథముగా కాపాడవలెను. స్థితి క్షీణించినను, మెరుగుపడినను యజమాని బాధ్యుడగును." బీటలకు కాపలాగా కోటిలింగం అనే మనిషిని కూర్చోబెట్టారు.

వానలొచ్చాయి. కాశింబీ నీలిరంగు నెంబరు కింద సత్తు బొచ్చె పెట్టింది. కోటిలింగం గబగబా వచ్చాడు.

"బొచ్చె తియ్యమ్మా. కారే నీళ్లు నేల మీదే పడాల."

"నేల నానితే ఎవరికి లాభమయ్యా?"

"నాకేం తెలుసు? నేల నానడం అంచనాలో ఉందంట. బొచ్చె పెడితే నేల పొడిగా ఉంటది, లెక్క తప్పుద్ది."

"అయితే ఆ చుక్క కింద నువ్వు కూర్చో. నువ్వు అంచనాలో లేవుగా!"

కోటిలింగం నిజంగానే కాసేపు ఆలోచించాడు. ఉద్యోగం అలాంటిది. చివరికి కాశింబీయే దారి కనిపెట్టింది. అధికారి సొరంగం ఇంట్లో ఉన్నా ఇంటిది కాదు, అక్కడ యథాతథం లేదు. దూది మూటలన్నీ అందులోకి తోసింది. నా గోనె సంచుల్నీ వాటి వెనక దూర్చాను. ఆ ఏడు వానాకాలమంతా అధికారి కోసం కట్టిన చోట దూది హాయిగా పడుకుంది, అధికారి రాలేదు.

అంచనా జిల్లాకు వెళ్లింది. మాఘంలో దాన్ని వెంటబెట్టుకుని పైఅధికారి భూషణంగారు వచ్చారు. అప్పటికి వానలు పోయి చాలా కాలమైంది. నా గోనె సంచులు మళ్లీ వెనక గదుల్లోకి చేరాయి. కాశింబీ మూటలన్నీ విప్పి గది నిండా దూది ఏకి పోసుకుంది. పెళ్లి పరుపుల గలేబులు కుట్టి వరసగా పెట్టుకుంది, దూది నింపడమే తరువాయి.

భూషణంగారు సొరంగంలో నడిచారు. "ఇన్ని చోట్ల కారుతున్నదని రాశారు. నాకొక్క చుక్క కనబడలేదే?"

"వానల్లేవు సార్," అన్నారు త్రివిక్రమరావుగారు.

"కనబడని కారుడుకు ప్రజాధనం ఎట్లా వెచ్చిస్తాం? కారుడు ప్రత్యక్షంగా నిరూపించబడవలెను."

"వానల్లో తమరు దయచేస్తే..."

"వానల్లో క్షేత్ర పర్యటనలు ఉండవు."

ఫైరింజను పిలిపించారు. నా ఇంటి మీద కృత్రిమ వర్షం కురిపించడానికి. కాశింబీ పరుగెత్తుకొచ్చి ఆయన ముందు నిలబడింది.

"అరగంట ఆగండయ్యా. దూది బయటేసుకుంటా."

భూషణంగారు కాగితాలు తిరగేశారు. "గదిలో దూది ఉన్నట్లు రికార్డులో ఉన్నది. కదిలిస్తే యథాతథ స్థితికి భంగం."

ఆమె నావైపు తిరిగింది. "మీరు చెప్పండి శెట్టిగారూ."

నా కళ్ల ముందు అయిదున్నర లక్షలున్నాయి. అంత పెద్ద అంకె కళ్ల ముందుంటే పక్కనున్న మనిషి సరిగా కనబడదు. "కాసేపే కదా కాశింబీ," అన్నాను. "ఆరిపోద్దిలే."

ఫైరింజను నీళ్లు కప్పు మీద పడ్డాయి. కారడం మొదలైంది. భూషణంగారు తృప్తిగా తలూపారు. నీలిరంగు నెంబర్లన్నీ నిజమని తేలింది, కొత్తవి కూడా తేలాయి. తర్వాత గోడలు నానాయి. మట్టిగోడ నానితే దానికి ఉత్తర్వులు చదవడం రాదు. ముందు వెనక గదులు, ఆ తర్వాత ముందు గది, తొందరేమీ లేకుండా కూర్చున్నట్టే కూర్చున్నాయి. నా గోనె సంచులు అడుగున పడ్డాయి. సొరంగం మాత్రం చెక్కు చెదరలేదు. అందులో భూషణంగారున్నారు. వెదుళ్లలోంచి చెయ్యి బయటపెట్టి కాగితం మీద రాశారు: కారుడు నిర్ధారించడమైనది.

కాశింబీ బురదలో దిగి దూది చేతుల్లోకి తీసుకుంది. తెల్లగా ఉండేది, సిమెంటు ముద్దలా ఉంది. గలేబులు ఒక్కోటీ ఎత్తి పిండింది. వాటిలోంచి మట్టి కారుతుంటే మళ్లీ మడతపెట్టింది, ఎందుకో మరి. ఆ మాఘంలో పెళ్లివాళ్లు వచ్చి అడ్వాన్సులు వెనక్కి పట్టుకుపోయారు. ఒకాయన వడ్డీ కూడా అడిగాడు. నేను ఆమెను ఆ నెల అద్దె అడగలేదు. ఇల్లు లేనప్పుడు అద్దె అడగడం వ్యాపార ధర్మం కాదు.

పరిహారం కోసం ఆమె వేయించిన అర్జీకి జవాబు వచ్చింది. "పరిశీలన దినమున గదిలోని దూది పొడిగా ఉన్నట్లు రికార్డు. ప్రస్తుతము తడిగా ఉన్నది. ఈ స్థితి మార్పునకు తమరి సంజాయిషీ సమర్పించవలెను." కాశింబీ తడిదూది ముద్దొకటి తీసుకెళ్లి ఆఫీసు బల్ల మీద పెట్టి, "ఇదే నా సంజాయిషీ," అని వచ్చేసింది. దానికి నెంబరు వేసి లోపల పెట్టారని విన్నాను.

ఇల్లు పడిపోయిన తర్వాత అంచనా ఆమోదం వచ్చింది. ఆమోదం ఎప్పుడూ అంతే, పాలు విరిగాక వచ్చిన తోడులాగా. మున్సిపల్ కమిషనరుగారు మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు.

"నిధులు మార్చి ఆఖరులోగా ఖర్చు కావాలి. లేకుంటే మురిగిపోతాయి," అన్నారు కమిషనరుగారు.

"ఇల్లు లేదు సార్," అన్నారు త్రివిక్రమరావుగారు.

"కొత్తది కట్టండి," అన్నాను నేను, ఆశగా.

భూషణంగారు నావైపు జాలిగా చూశారు. "ఆమోదం మరమ్మతుకు. నూతన నిర్మాణానికి కాదు. మరమ్మతు చేయాలంటే శిథిలమైన ఇల్లు ఉండాలి. అందుచేత ముందుగా శిథిల స్థితిని పునఃస్థాపించవలెను."

"అంటే?"

"ఇంటిని మునుపు ఏ విధంగా పాడై ఉండెనో ఆ విధంగానే కట్టాలి. బీట నెంబర్ల ప్రకారం. తదుపరి బాగుచేయాలి."

గదిలో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నేను కూడా తలూపాను. అన్ని సంతకాల మధ్య కూర్చుంటే ఏ మాటైనా సబబుగానే వినిపిస్తుంది.

టెండరులో ఒక షరతు పెట్టారు: గుత్తేదారుకు శిథిల కట్టడములు నిర్మించిన అనుభవం ఉండవలెను. ఎవరూ రారేమో అనుకున్నాను. వరస కట్టారు. ప్రారంభోత్సవం రోజే కారిన బడి కట్టినాయనకు పని దక్కింది. బడి ఫొటోలే ఆయన అనుభవపత్రం.

నా ఇంటి శిథిలాలు దొంగల పాలు కాకుండా కోటిలింగానికి పెరట్లో రేకుల షెడ్డు వేశారు. దానికి అంచనా లేదు, కొలతల్లేవు. గుమాస్తా ఒకాయన చిల్లర ఖర్చుల డబ్బు ఇస్తే, కోటిలింగం బామ్మర్ది వచ్చి ఒక పూటలో వేసి పోయాడు. నేను కూడా ఊరుకోలేదు. పాత ఇల్లు కట్టాలంటే పాత పెంకులూ పుచ్చిన దూలాలూ కావాలి కదా, అవి నా దగ్గరే ఉన్నాయి. పడిపోయిన నా ఇంటిని గుత్తేదారుకు అమ్మబోయాను. "అవి మీ వాటా కింద జమ," అన్నారు త్రివిక్రమరావుగారు. మంచిదే, కాగితం మీద నా వాటా మించిపోయింది.

కూలికి ఏసోబు కూడా వచ్చాడు. గోడ నిటారుగా లేపితే త్రివిక్రమరావుగారు కూలగొట్టించారు.

"నిటారుగా ఎందుకు కట్టావు? ఎడమవైపు వాలాలి."

"చెయ్యి రావట్లేదయ్యా. నలభై ఏళ్లు తిన్నగా కట్టిన చెయ్యి."

"ప్రయత్నించు. పదిహేడో బీట ఏది?"

"ఇదిగోనయ్యా, ఉలితో కొట్టాను."

"కొట్టినట్టుంది. కాలక్రమేణా వచ్చినట్టు ఉండాలి."

మళ్లీ ఫైరింజను వచ్చింది. తొమ్మిదో చోట కారలేదు. పనిలో నాణ్యత లోపించిందని గుత్తేదారు బిల్లులో కోత పెట్టి, దగ్గరుండి పెంకు పగలగొట్టించారు. పిచుక గూడు గడ్డితో అల్లించారు, పిచుక మాత్రం రాలేదు. గైరుహాజరు అని రాసుకున్నారు.

మార్చి ఆఖరు రోజున రిబ్బను కట్టారు. శిలాఫలకం మీద నా పేరు కూడా ఉంది, అందరికంటే కింద. శిథిల స్థితి పునఃస్థాపన ప్రశంసనీయ వేగంతో పూర్తయిందని కమిషనరుగారు ఉపన్యసించారు. పక్క జిల్లాల నుంచి అధికారులు వచ్చి చూసి, మా దగ్గర ఇంత చక్కటి శిథిలం లేదని బాధపడ్డారు. చప్పట్లు తగ్గాక నేను అడిగాను.

"మరి మరమ్మతు?"

"నిధులు పూర్తిగా సద్వినియోగమైనవి," అన్నారు భూషణంగారు. "మరమ్మతు రెండవ దశ. కొత్త బడ్జెటులో ప్రతిపాదిస్తాము. అంతదాకా స్థితి యథాతథం."

ఏసోబును పక్కకి పిలిచాను. "గుట్టుగా మనమే చేసుకుందాం. ఆ అరవై వేలు ఇస్తాను."

అతను కప్పు వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "అప్పుడైతే చేసేవాణ్ణి. కాలం పాడుచేసిన ఇల్లయితే బాగుచెయ్యొచ్చు శెట్టిగారూ. ఇది పనిగట్టుకుని పాడుగా కట్టింది. దీనికి మందు లేదు."

మళ్లీ తొలకరి వచ్చింది. పాత నెంబర్లున్న చోటల్లా కారింది, లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. కాపలా ఉద్యోగం రద్దయి కోటిలింగం వెళ్లిపోతూ షెడ్డు తాళంచెవి కాశింబీకి ఇచ్చాడు. ప్రతిఫలంగా ఒక తలగడ పుచ్చుకున్నాడు. ఆమె ఎక్కడో అప్పు చేసి దూది తెచ్చి ఆ రేకుల కింద ఏకడం మొదలుపెట్టింది. ఇంజనీర్లెవరూ చూడని కట్టడం కాబట్టి అది కారలేదు. వానలో గొడుగేసుకుని వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. కొత్త పరుపు ఒకటి సగం కుట్టి ఉంది.

"నా కొత్త గోనె సంచులు ఇక్కడ పెట్టుకుంటాను కాశింబీ. స్థలం నాదేగా," అన్నాను.

"స్థలం మీదే. షెడ్డు సర్కారుది. తాళంచెవి నాది." ఆమె పని ఆపలేదు. "అద్దెవుద్ది."

"నాకా? అద్దెనా?"

"నా దూది తడిసిన రోజు కాసేపే కదా అన్నారు. ఆరిపోద్దిలే అన్నారు. మీ గోనెలు కూడా బయటుంచండి, ఆరిపోతాయి."

రేకుల మీద వాన పెద్దదైంది. బండి మీద నా గోనె సంచులు తడవడం మొదలైంది. ఆమె దారం కొరికి నావంక చూసింది.

"పోనీ, తెలిసినవాళ్లని మీకు సగమే చెబుతున్నా శెట్టిగారూ. సగం ఇవ్వండి చాలు."

ఇక తేలిన లెక్క. పోయినవి: వెదుళ్లు, తాళ్లు, పాత గోనెలు, పుచ్చిన దూలాలతో సహా ఒక పాత ఇల్లు, అద్దె. వచ్చినవి: అదే కొలతలతో కారే కొత్త ఇల్లు, దాని ముందు శిలాఫలకం, నా స్థలంలో నేను అద్దెకుంటున్న మూల ఒకటి.

బండి లోపలికి తోయించాను. మొదటి నెల డబ్బు అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చాను. దేనిలో సగమో అడగలేదు.